యువక్రీడాకారుల తప్పులు – ప్రేక్షకుల తీర్పులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభయందు కావ్యమును గూర్చియో పురాణమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. హాకీ ఆటను గూర్చిన ప్రసంగమునకు ఇచ్చట తావేమి యని కొందరికి తోపవచ్చును. కాని గ్రంథాలయమునకు వచ్చువారిలో గ్రంథములు చదువువారికంటె పత్రికలు చదువువారే అధికులు. పత్రికలు చదువువారిలో ఆటల పుటనుండి మొదలిడువారు తక్కువవారు కారు. ఓడిన ఆట మరునాడు పత్రికల బల్లచుట్టు జరుగు వాదము ఒక్కొక్కప్పుడు శాస్త్రచర్చను మించిపోవుచుండును. ఆ వాదమున దోషులుగా నిలువబడువారెవరు? పందొమ్మిది ఇరువది యేండ్ల పిల్లలు. తీర్పు చెప్పువారెవరు? బల్లచుట్టు కూర్చున్న పెద్దలు. న్యాయస్థానమున ముద్దాయికి వకీలు కలడు, ఇచ్చట లేడు. కావున ఆ తీర్పు ఎట్లు చెప్పవలెనో విచారించుట గ్రంథాలయమునకు తగని పని కాదు. మంచిచెడ్డలు వేరుచేసి చూచు నేర్పు అలవడుటకే గదా గ్రంథములున్నవి!

మాట గాలిలో తేలిపోకుండుటకై ఒక్క ఆటను ఆధారముగా గైకొనుట మంచిది. 2025వ సంవత్సరము నవంబరు 28వ తేది మొదలు డిసెంబరు 10వ తేది వరకు, 21 ఏండ్లకు లోబడిన యువకుల ప్రపంచ కప్పు హాకీ పోటీలు మన పొరుగుననే, తమిళనాడులోని చెన్నపట్నమునను మధురయందును జరిగినవి. 24 దేశముల జట్లు ఆ పోటీలో పాల్గొనుట అదియే మొదటిసారి. భారత జట్టునకు శిక్షకుడు పి.ఆర్. శ్రీజేశ్. క్వార్టరు ఫైనలులో బెల్జియముతో 2-2గా సరిసమానమై, షూటౌటులో 4-3గా గెలిచి, మన పిల్లలు సెమీఫైనలు చేరిరి. డిసెంబరు 7వ తేదీన చెన్నపట్నమునందలి మేయరు రాధాకృష్ణన్ క్రీడాంగణమున జర్మనీతో ఆ ఆట జరిగెను. విరామ సమయమునకే జర్మనీ మూడు గోల్సు చేసియుండెను. ఆట ముగియునప్పటికి 5-1. మనకు దక్కిన ఆ ఒక్క గోలును చివరి పాదమున వచ్చినదే.

ఇది ఒక్కనాటి ఓటమి యైనచో మరచిపోవచ్చును. కాని 2021లో భువనేశ్వరమున జరిగిన యువకుల ప్రపంచ కప్పు సెమీఫైనలులో మనలను 4-2గా ఓడించినది జర్మనీయే. 2023లో కౌలాలంపురమున 4-1గా ఓడించినదియు జర్మనీయే. వరుసగా మూడు పోటీలలో అదే మెట్టుపై, అదే జట్టుచేత పరాజయము. నడుమ జట్టులోని పిల్లలు పెక్కురు మారిరి. ఓటమి మాత్రము మారలేదు. ఈ సంగతిని మనసున నుంచుకొని ప్రేక్షకుల వాదమును వినవలెను.

అట్టి వాదమున సాధారణముగా మూడు పక్షములు కానవచ్చును.

మొదటిది దూషణ పక్షము. “బంతిని కాలికి తగిలించుకొనువాడు జట్టులోని కెట్లు వచ్చెను? ఎదుటివాడు పక్కనుండి పోవుచుండగా చూచుచు నిలిచినవాని చేతికి కఱ్ఱ యెందుకు? ధ్యానచందు కాలమున ఇట్టివారు మైదానపు అంచునకైనను వచ్చియుండెడివారా?” అని వీరి మాట. వీరి కోపమునకు మూలము ప్రేమయే. 1928 మొదలు 1956 వరకు వరుసగా ఆరు ఒలింపిక్సులలో స్వర్ణపతకము గెలిచిన దేశమునకు ఓటమి రుచింపకుండుట సహజము. అయినను వీరు చూచునది ఒక్క క్షణము మాత్రమే. ఆ క్షణమునకు ముందేమి జరిగెనో, పిమ్మట ఆ పిల్లవాడేమి నేర్చెనో వీరికి పట్టదు.

రెండవది ఊరడింపు పక్షము. “పాపము, పిల్లలు, పోనిండు, పెద్దవారైన కొలది వారే నేర్తురు” అని వీరందురు. ఈ మాట వినుటకు చల్లగానుండును. కాని తప్పును తప్పని చెప్పనివాడు ఆ పిల్లవానికి మేలు చేసినవాడు కాడు. అక్షరము వంకరగా వ్రాసిన బాలుని పలక చూచి “బాగున్నది” యని తల నిమిరి పంపు ఉపాధ్యాయుడు దయామయుడుగా కనబడును గాని, ఆ వంకర యావజ్జీవము నిలిచిపోవును. వయసు వచ్చినంత మాత్రమున నేర్పు రాదు. దిద్దుట వలన వచ్చును.

మూడవది వ్యవస్థను నిందించు పక్షము. మైదానములు లేవని, శిక్షణ చాలదని, ఎంపిక సరిగా లేదని, క్రికెట్టు అన్నిటిని మింగివేసినదని వీరి వాదము. ఇందు నిజము కొంత కలదు. కాని నిందనంతయు ఆకసమునకు ఎత్తివేసినచో నేలమీద ఎవ్వరికిని బాధ్యత మిగులదు. మైదానములు ఎన్ని యున్నను, వచ్చుచున్న బంతిని ఆపవలసినవాడు ఆ క్షణమున అచ్చట నిలిచిన యొక్క పిల్లవాడే.

మూడు పక్షములందును సత్యము ముక్కలు ముక్కలుగా నున్నది. ఆ ముక్కలను కూర్చుటకు ముందు, హాకీయందు తప్పు అనునది ఎట్లు పుట్టునో తెలిసికొనవలెను.

హాకీ మైదానము 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు కలది. గోలు ఎదుట 14.63 మీటర్ల దూరమున ఒక వంపుగీత కలదు. దానినే సర్కిలు అందురు. ఆ గీత లోపలినుండి ఎదుటి జట్టువాడు కొట్టినగాని గోలు కాదు. కావున గీత లోపల జరుగు తప్పునకు విలువ హెచ్చు. కాపుదారు కాలికి అచ్చట బంతి తగిలినచో ఎదుటివారికి పెనాల్టీ కార్నరు లభించును. అప్పుడు గోల్‌కీపరుతో కలిసి అయిదుగురు మాత్రమే గోలును కాపాడవలెను. తక్కినవారు మైదానపు నడిమిగీతకు ఆవల నిలువవలెను. వెనుకగీతనుండి ఒకడు బంతిని పంపును, సర్కిలు వెలుపల మరియొకడు దానిని ఆపును, మూడవవాడు డ్రాగ్ ఫ్లిక్కుతో విసరును. నేర్పరి విసరిన బంతి గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగముతో వచ్చును. కనురెప్ప పాటులో గోలు అయిపోవును.

మరునాడు పత్రికలో ఎవని పేరు పడును? బంతి కాలికి తగిలినవాని పేరు, కాకున్నచో గోల్‌కీపరు పేరు. కాని ఆ బంతి గీత లోపలికి ఎట్లు వచ్చెను? పది క్షణముల ముందు మైదానము నడుమ ఒకడు దానిని నిర్లక్ష్యముగా పోగొట్టుకొనియుండును. వాని ప్రక్కవాడు వెనుకకు పరుగిడుటకు బద్ధకించియుండును. మరియొకడు తన చోటు విడిచి ముందుకు పోయియుండును. ముగ్గురి అప్పు చేరి చేరి, చివర నిలిచిన నాలుగవవాడు తీర్చవలసి వచ్చును. అప్పు చేసినవారి పేర్లు ఎవ్వరికిని జ్ఞాపకముండవు.

మరియొక అన్యాయము కలదు. ముందు వరుసవాడు పదిమార్లు గురితప్పి పదునొకండవమారు గోలు చేసినచో వీరుడనిపించుకొనును. గోల్‌కీపరు పదిమార్లు ఆపి పదునొకండవమారు విడిచినచో చేతకానివాడనిపించుకొనును. ఒకని లెక్కలో జమ మాత్రమే చదువబడుచున్నది; మరియొకని లెక్కలో ఖర్చు మాత్రమే. ఇట్లు కట్టిన మొత్తము ఏ పుస్తకమునందును సరిపడదు.

ఇక తప్పులన్నియు ఒక్క తెగవి కావు. విడదీసి చూచినచో నాలుగు తెగలు కనబడును.

మొదటిది చేతి తప్పు. వచ్చిన బంతి కఱ్ఱకు తగిలి ఎగిరిపోవుట, అందీయవలసిన బంతి రెండడుగులు ప్రక్కకు పోవుట ఈ తెగలోనివి. దీనికి మందు అభ్యాసమే. కాని అభ్యాసమునకు తగిన నేల కావలెను. ఒలింపిక్సులో కృత్రిమపు పచ్చిక మొదటిసారి పరచినది 1976లో మాంట్రియలు నగరమున. పచ్చగడ్డి నేలపై ఆడుటయందు ఆరితేరిన భారత జట్టు ఆ యేట ఏడవ స్థానమునకు దిగజారెను. ఆ నేలపై బంతి వేగము వేరు, ఎగురు తీరు వేరు. మట్టినేలపై పదియేండ్లు ఆడి, పిమ్మట కృత్రిమపు పచ్చికపై అడుగిడు పల్లెటూరి బాలుడు చిన్ననాట నేర్చినదానిలో కొంత విడిచి మరల నేర్చుకొనవలెను. ఆ సంధికాలమున జరుగు చేతి తప్పును చూచి “వీనికి ఆట రాదు” అని త్రోసివేయుట తగదు.

రెండవది చూపు తప్పు. బంతి ఎవనికి ఈయవలెను, ఎప్పుడు ఈయవలెను, ఎప్పుడు తనవద్ద ఉంచుకొనవలెను అను నిర్ణయమునందలి దోషమిది. సొంత గోలు ఎదుట అడ్డముగా బంతిని పంపుట దీనికి మంచి దృష్టాంతము. చేయి బాగుగనే యున్నది, బంతి తిన్నగనే పోయినది, కాని పోరాని త్రోవను పోయినది. ఇట్టి తప్పు ఒంటరిగా చేయు అభ్యాసముతో పోదు. తనకంటె బలవంతులతో తరచుగా ఆడి, పిమ్మట శిక్షకుడు ప్రక్కన కూర్చుండి చూపగా చూచినగాని పోదు. బలహీనులపై పది గోల్సు చేసిన జట్టు ఈ పాఠము నేర్వదు. బలవంతులతో ఆడి అయిదు గోల్సు పొందిన జట్టు నేర్చుటకు అవకాశము కలదు.

మూడవది మనసు తప్పు. ఒక గోలు పడగానే తొట్రుపడుట, కోపముతో ఎదుటివాని కఱ్ఱను కొట్టుట, తీర్పరితో తగవులాడుట ఇందు చేరును. పచ్చకార్డు చూపినచో 2 నిమిషములు, పసుపుకార్డు చూపినచో కనీసము 5 నిమిషములు ఆ ఆటగాడు వెలుపల కూర్చుండవలెను. అంతసేపు అతని తప్పును తక్కిన పదిమంది మోయవలెను. ఈ తెగ తప్పునకు వయసు సాకు చెప్పుట తగదు. చేతినేర్పు దైవమిచ్చినంత, కాలమిచ్చినంత. నిగ్రహమైనచో పెద్దలు నేర్పినంత.

నాలుగవది తప్పువలె కనబడునదే గాని తప్పు కాదు. దీనిని సాహసము అనవలెను. ఎదుటి సర్కిలు చెంత ఇద్దరిని తప్పించుకొని పోబోయి ఒక పిల్లవాడు బంతి పోగొట్టుకొనును. ప్రేక్షకులు గోలపెట్టుదురు. ఆ గోల విని విని ఆ పిల్లవాడు రెండవ యేట ఏమి చేయునో గమనింపుడు. బంతి రాగానే వెనుకనున్నవానికి నెట్టివేయును. అతడిక బంతి పోగొట్టుకొనడు, ఆటయు గెలిపింపడు. తిట్టు భయమున తప్పులు మానినవానికి ఆటయు మానిపోవును. ప్రేక్షకుల కోపము దేశమునకు చేయగల నష్టములలో ఇదియే పెద్దది. ఎవ్వరి కంటను పడని నష్టమగుటచేత మరింత పెద్దది.

ఈ విభాగముతో చూచినచో వాదములోని కలతలు కొన్ని తేటపడును. 2023లో కౌలాలంపురపు సెమీఫైనలున మన జట్టునకు 12 పెనాల్టీ కార్నరులు లభించినను ఒక్కటియు గోలు కాలేదు. “విసరువానికి చేతకాలేదు” అనుట సులభము. కాని బంతి పంపిన చేయి, ఆపిన చేయి, విసరిన చేయి అని మూడు చేతులు అందు కలవు. ఎదుటివారు ముందుగా మన తీరు పరిశీలించి సిద్ధపడియుండుట నాలుగవది. మొదటి రెండు విఫలమైనప్పుడు తీరు మార్చుమని చెప్పవలసిన పెద్దల బుద్ధి అయిదవది. పండ్రెండు మార్లు తప్పిన పని ఒక్క పిల్లవాని తప్పు కానేరదు.

పెద్దల మాట వచ్చినది గావున అభిమన్యుని తలచుకొనుట తగియుండును. పద్మవ్యూహమును చొచ్చుట అతనికి తెలియును, వెడలుట తెలియదు. ఆ సంగతి అతడు దాచలేదు. ధర్మరాజునకు చెప్పియే చెప్పెను. “నీవు త్రోవ చేయుము, నీ వెంటనే చొచ్చెదము” అని పెద్దలు మాట యిచ్చిరి. వ్యూహద్వారమున సైంధవుడు అడ్డుపడెను. పెద్దలు వెలుపల నిలిచిపోయిరి. బాలుడు లోపల ఒంటరియై మడిసెను. ఆ దినమున జరిగిన తప్పు పదునారేండ్ల వానిదా? అతని బలము తెలిసినవారు అతని కొదువయు తెలిసియుండిరి. కొదువ తెలిసి పంపినప్పుడు దానిని పూడ్చు భారము పంపినవారిదే. నేటి ఆటలోనైనను, నేర్పు సగమే కలిగిన పిల్లవానిని పెద్ద పోటీలో నిలిపినవారు అతని వెనుక ఎవరిని నిలిపిరో విచారింపకుండ అతనిపై తీర్పు చెప్పరాదు.

“ఆట చివర మన పిల్లలు చతికిలబడుదురు” అను మాట తరచుగా వినబడును. ఇది పిల్లల వ్యాధియేనా? 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో పోలెండుపై 1-0గా ముందుండి, చివరి రెండు నిమిషములలో గోలు విడిచి, 1-1తో సెమీఫైనలు పోగొట్టుకొన్నది పెద్దల జట్టే. అందు మన హైదరాబాదు నుండి వెళ్ళి 1992, 1996, 2000 ఒలింపిక్సులు మూడింట ఆడిన ముకేశ్ కుమార్ వంటి అనుభవశాలురు కలరు. 2016లో రియో ఒలింపిక్సున ఇంక 3 సెకండ్లు మిగిలియుండగా జర్మనీ గోలుచేసి 2-1గా గెలిచెను. 2018లో జకార్తా ఏషియా క్రీడల సెమీఫైనలున మలేషియా చివరి రెండు నిమిషములలో సమానము చేసి, షూటౌటులో 7-6గా గెలిచెను. ఇంటి పెద్దకున్న దగ్గు పిల్లవానికి అంటినప్పుడు పిల్లవానిని కొట్టి ఫలమేమి?

దూషణము ఎంతవరకు పోగలదో తెలుపు కథ యొకటి మన దేశమునందే కలదు. 1982లో ఢిల్లీ ఏషియా క్రీడల ఫైనలున పాకిస్థాను మనలను 7-1గా ఓడించెను. గోల్‌కీపరు మీర్ రంజన్ నేగీ. ఏడు గోల్సును అతని ఖాతాకే వ్రాసిరి. అంతటితో ఆగక, డబ్బునకు అమ్ముడుపోయెనని, దేశద్రోహియని నిందించిరి. అతని ముందు నిలువవలసిన కాపుదారులేమైరని గాని, నడిమి వరుస ఎక్కడ పోయెనని గాని అడిగినవారు అరుదు. ఆ యువకుని ఆట అంతటితో ముగిసినట్లే యయ్యెను. పదునారేండ్లు గడచినవి. 1998లో బాంకాకు ఏషియా క్రీడలలో భారత జట్టు 32 ఏండ్ల పిమ్మట స్వర్ణము గెలిచినప్పుడు, ఆ జట్టు గోల్‌కీపర్లకు శిక్షణ యిచ్చినవాడు ఆ నేగీయే. 2007లో వచ్చిన “చక్ దే ఇండియా” అను హిందీ చలనచిత్రమునకు అతని గాథ స్ఫూర్తి నొసగెను. కథ సుఖాంతమని సంతోషింపవచ్చును. కాని గోలు ఎదుట నిలువగల యౌవనము మరల రాదుగదా! పోయిన ఆ యేండ్లను అతనికి ఎవ్వరు తిరిగి యీయగలరు? నిందించినవారి నోటి పలుకునకు ఖర్చు లేదు. నిందపడినవాడు యౌవనమంతయు చెల్లించెను.

దిద్దుట యెట్లుండవలెనో తెలియగోరువారు విరాటపర్వము చూడవలెను. ఉత్తరుడు అంతఃపురమున ఆడువారి యెదుట గొప్పలు చెప్పెను. కౌరవసేనను కంటితో చూడగానే రథము దిగి పరుగిడెను. ఇంతకంటె సిగ్గుచేటైన తప్పు యుద్ధభూమిలో మరియొకటి లేదు. అర్జునుడేమి చేసెను? అతనిని పోనీయలేదు, “పాపము, బాలుడు” అని విడువలేదు. వెంబడించి పట్టుకొని, ధైర్యము చెప్పి, మరల రథమెక్కించెను. అయితే విల్లు చేతికీయలేదు, పగ్గములిచ్చెను. అతడు చేయలేని పని తాను గైకొని, చేయగల పని అతనికిచ్చి, యుద్ధము నడుమ నిలిపెను. బాణవర్షమును దగ్గరనుండి చూచిన ఉత్తరునకు భయము తీరెను. ఆ ఉత్తరుడే కురుక్షేత్రమున మొదటినాడు ఏనుగునెక్కి శల్యుని ఎదుర్కొని, వెన్ను చూపక వీరస్వర్గమందెను. పరుగిడినవానిని నిలుచువానిగా చేసినది తిట్టును కాదు, ఊరడింపును కాదు. తగిన పనియు, దగ్గర నిలిచిన గురువును.

ఇట్టి నిదర్శనములు నేటి హాకీయందును లేకపోలేదు. చెన్నపట్నమున మన పిల్లలకు శిక్షకుడుగా నిలిచిన శ్రీజేశ్ చరిత్రమునే చూడుడు. కేరళ దేశీయుడైన ఇతడు 2006లో దేశపు జట్టులోనికి వచ్చెను. ఇతని మొదటి ఒలింపిక్సు 2012లో లండనునందు జరిగినది. ఆ పోటీలో భారత జట్టు ఆడిన ఆటలన్నియు ఓడి, 12 జట్లలో 12వదిగా తిరిగి వచ్చెను. నాటి దూషణ పక్షము మాట చెల్లియుండినచో ఇతని కథ అచ్చటనే ముగియవలెను. 2021లో టోక్యోయందు జర్మనీతో కాంస్యపతకపు ఆట జరిగినప్పుడు, 5-4గా ముందున్న మన జట్టునకు చివరి సెకండ్లలో పెనాల్టీ కార్నరు ఎదురుకాగా, దానిని ఆపినవాడు ఇతడే. నలుబదియొక్క యేండ్ల పిమ్మట ఒలింపిక్సు హాకీ పతకము ఆ దినమున ఇల్లు చేరెను. 2024లో పారిసునందు రెండవ కాంస్యముతో ఇతడు ఆట విరమించెను. పండ్రెండవ స్థానమునుండి పతకపీఠమునకు పట్టినది తొమ్మిదేండ్లు.

అదే టోక్యో ఆటలో రెండు గోల్సు చేసిన సిమ్రన్‌జీత్ సింగ్ 2016లో లక్నోయందు యువకుల ప్రపంచ కప్పు గెలిచిన జట్టులోనివాడు. బెల్జియముపై 2-1గా గెలిచిన ఆ ఫైనలున ఒక గోలు అతనిదే. అట్టివాడు టోక్యోకు మొదట అదనపు ఆటగాడుగా మాత్రమే ఎంపికయ్యెను. లక్నో జట్టులోనివాడే హర్మన్‌ప్రీత్ సింగ్ కూడ. ఇతడు 20 ఏండ్ల వయసున రియోలో చివరి సెకండ్ల ఓటమిని చవిచూచి, 2024 పారిసు ఒలింపిక్సున జట్టు నాయకుడై 10 గోల్సుతో అందరిని మించెను. యువకుల కప్పు గెలిచిన నాటికిని, ఒలింపిక్సు పీఠమెక్కిన నాటికిని నడుమ దాదాపు అయిదేండ్లు గడచినవి. ఆ అయిదేండ్లలో జరిగిన చేతి తప్పులు, చూపు తప్పులు ఎన్నో! పంట చేతికి వచ్చునంతవరకు కలుపు తీయువాడే రైతు. మొలక వంగినదని పెరికివేయువాడు రైతు కాడు, నీరు కట్టక అదియే పెరుగునని అరుగుపై కూర్చున్నవాడును కాడు.

ఇక చెన్నపట్నపు కథ ముగింపు. జర్మనీచేత ఓడిన మూడవనాడు, డిసెంబరు 10వ తేదీన, కాంస్యపతకమునకై అర్జెంటీనాతో మన పిల్లలు ఆడిరి. మూడు పాదములు ముగియునప్పటికి 0-2గా వెనుకబడియుండిరి. 2021లో ఫ్రాన్సుచేతను, 2023లో స్పెయినుచేతను ఇదే కాంస్యపు ఆటలో 3-1గా ఓడిన జ్ఞాపకము వెన్నంటియున్నది. అట్టి స్థితిలో చివరి పాదముననే నాలుగు గోల్సు చేసి 4-2గా గెలిచిరి. నాడు తిట్టినవారే నేడు పూలదండలు కట్టిరి.

ఈ గెలుపు దేనిని రుజువు చేయుచున్నది? పిల్లల మనసు విరుగలేదని రుజువు చేయుచున్నది. 5-1 ఓటమి తరువాత 0-2గా వెనుకబడియు చేతులు వ్రేలవేయని పిల్లలకు మనసు తప్పు లేదనియే చెప్పవలెను. ఇది కోరదగిన ఫలమే. కాని మొదటి మూడు పాదములలో ఒక్క గోలును చేయలేకపోయిన సంగతిని ఇది చెరపదు. జర్మనీతో మూడు సెమీఫైనలులు ఓడిన లెక్కను ఇది కొట్టివేయదు. ఓటమి మరునాడు అతిగా తిట్టుటయు, గెలుపు మరునాడు అంతయు మరచుటయు ఒక్క దోషమునకే రెండు ముఖములు. రెంటియందును ఆటను చూచుట లేదు. ఫలితమును మాత్రమే చూచుచున్నారు.

కావున ఆట ముగిసిన పిమ్మట వాదమునకు కూర్చుండువారు, ఒక పిల్లవాని పేరు నోట పలుకుటకు ముందు, మూడు ప్రశ్నలు తమకు తామే వేసికొనుట మంచిది. ఈ తప్పు చేతిదా, చూపుదా, మనసుదా, లేక సాహసమునకు తప్పని పేరు పెట్టుచున్నామా? ఈ తప్పునకు ముందు ఎవ్వరెవ్వరి తప్పులు వరుసగా నడచినవి? నిరుటి తప్పునే ఇతడు మరల చేసెనా, లేక క్రొత్త పనికి పూని క్రొత్త తప్పు చేసెనా? క్రొత్త తప్పులు చేయుచున్న పిల్లవాడు ఎదుగుచున్నాడని ఎరుంగవలెను. పాత తప్పునే మరల మరల చేయువానికి దిద్దువారు కరవైరని ఎరుంగవలెను. ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగినచో ఎంత కఠినముగనైనను విమర్శింపవచ్చును; అది దూషణము కాదు. చెప్పలేకున్నచో ఊరకుండుట మేలు. అది ఓటమి కాదు.

ఇదంతయు ఎక్కడనో పట్టణములలో ఆడువారి సంగతి, పల్లెకేమి సంబంధమని అనుకొనరాదు. నాటి చిత్తూరు జిల్లాలోని ఒక పల్లెటూరి బాలిక ఎతిమరపు రజని భారత మహిళా జట్టునకు గోల్‌కీపరుగా ఎదిగెను. పల్లెబడి మైదానమున మొదటిసారి కఱ్ఱ పట్టిన బాలికకు బంతి తప్పిపోయిన ప్రతిమారు నవ్విన ఊరిలో గోల్‌కీపర్లు పుట్టరు. మన బడి మైదానమున కబడ్డీ ఆడు పిల్లలు, ఈ గ్రంథాలయమున మొదటిసారి బిగ్గరగా చదివి తడబడు పిల్లలు, పొలమున మొదటిసారి నాగలి పట్టి చాలు వంకరపరచిన కొడుకులు అందరు ఆ తెగవారే. ఒలింపిక్సు ఆటగానిపై చెప్పు తీర్పు అతని చెవికి చేరకపోవచ్చును. కాని ఆ తీర్పు చెప్పుచున్నప్పుడు ప్రక్కనే నిలిచి వినుచున్న పదేండ్ల బాలుని చెవికి తప్పక చేరును. తప్పు చేసినవారిని ఈ ఊరి పెద్దలు ఏమి చేయుదురో అతడు అప్పుడే తెలిసికొనును. దానినిబట్టి జీవితమున సాహసించుటయో మానుటయో నిశ్చయించుకొనును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరివారికి చదువుట నేర్పినది. చదువుట యనగా అక్షరములను కూడబలుకుట మాత్రమే కాదు. ఎదుటనున్నదానిని తొందరపడక, ముందువెనుకలు చూచి, అర్థము చేసికొనుట. పుస్తకమును అట్లు చదువుట నేర్చినవారు ఓడిన ఆటను, అందాడిన పిల్లవానిని కూడ అట్లే చదువగలరు. పత్రికల బల్లచుట్టు వాదము ఆగనక్కరలేదు. ఆగినచో గ్రంథాలయమునకు కళ తగ్గును. వాదము సాగవలెను, తీర్పు మాత్రము నిదానముగా రావలెను. అట్టి పాఠకులతో ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, శతోత్సవమును జరుపుకొనుగాక!